మంచినీళ్ల చెరువు చుట్టూ గీసిన గీత

మా ఊళ్లో వార్డు మెంబరుగా గెలిచింది నేనే అయినా, మొదట్లో మెంబరుగారంటే అందరికీ మా ఆయనే. మీటింగుకి ఆయన వెళ్లి కూర్చునేవారు, సంతకానికి పుస్తకం ఇంటికి వచ్చేది. ఒకరోజు నేనే చీర మార్చుకుని బయల్దేరితే, ఎండలో నువ్వెందుకు అన్నారు. ఓట్లడగడానికి తిరిగినప్పుడు లేని ఎండ ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందండీ అని అడిగి వెళ్లిపోయాను. ఆ తర్వాత ఒక్క మీటింగూ మానలేదు.

భీమవరం వైపు మా ఊళ్లకి కాలువే దిక్కు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి, అంతకు ముందే పంట బోదె, అంటే పొలాలకి నీళ్లు తెచ్చే పిల్లకాలువ, తెరిచి మంచినీళ్ల చెరువు నిండా నీళ్లు పెట్టుకుంటాం. మళ్లీ కాలువ వదిలేదాకా ఊరికి అవే నీళ్లు. కొన్నేళ్లుగా ఆ నీళ్లు నీచు వాసన వేస్తున్నాయని అందరూ గొణుగుతున్నారు. అందుకే పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఈసారి చెరువు రక్షణ మొదటి పనిగా పెట్టారు. మండలం నుంచి ఇంజనీరుగారు వచ్చి, మ్యాపు మీద చెరువు చుట్టూ గుండ్రంగా ఎర్రగీత గీశారు. గీత లోపల కొత్తగా ఇళ్లు కట్టకూడదు, పశువుల పాకలు వేయకూడదు.

సరిగ్గా ఆ గీత లోపలే అట్లు పోసే వదిన స్థలం పడింది. వదినంటే చుట్టరికం కాదు, మా వీధి చివర పొద్దున్నే పెనం పెట్టుకుని కూర్చునే ఆవిడని నేను అలా పిలుస్తాను. భర్త పోయాక అద్దె గదుల్లోనే పిల్లని పెంచింది. ఇన్నాళ్లకి ఇల్లు మంజూరైంది, పునాది కూడా తవ్వించింది. ఇప్పుడు పంచాయతీ కాదంటే ఆ మంజూరు రద్దయిపోతుంది. మరో చోట స్థలం కొనడం ఆవిడ తరం కాదు.

ఇంజనీరుగారిని తప్పుపట్టలేను. ఆయన అంతకుముందు జంగారెడ్డిగూడెం వైపు మెరకలో పనిచేశారు. అక్కడ చుట్టూ పడిన వాన వాలుకి జారి చెరువులోకే దిగుతుంది. మాది అరచెయ్యిలాంటి నేల. చెరువు గట్టు మనిషెత్తు ఉంటుంది, బయటి చుక్క లోపలికి ఎక్కలేదు. మా చెరువులోకి ఏదొచ్చినా బోదెలోంచే రావాలి. ఆ బోదె చేపల చెరువుల మధ్య నుంచి వస్తుంది. కాలువలు కట్టేసే ముందే ఆ చెరువులవాళ్లూ చేపల పట్టుబడి పట్టి, చెరువుల్లో నీళ్లన్నీ అదే బోదెలోకి వదిలేస్తారు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. సగం మందికి చేపల చెరువులున్నాయి, మిగతా సగం పొలాలు వాళ్లకే లీజుకిచ్చారు. బోదె మీద అన్నిటికన్నా పెద్ద చెరువు మా అన్నయ్యది.

గ్రామసభ రోజున అన్నయ్య ముందు వరసలోనే కూర్చున్నాడు. నేను లేచి బోదె సంగతి చెప్పాను. ఆయన వైపు చూడలేక ఫ్యాను వైపు చూస్తూ చెప్పాను. అది వేరే విషయమనీ, వచ్చే ఏడాది ప్రణాళికలో చూద్దామనీ ప్రెసిడెంటుగారు మెత్తగా తేల్చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ నోరు తెరిచేలోపు వెనక నుంచి వదిన లేచింది. ఆవిడ సభలో మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

"ఇక్కడ కుర్చీల్లో ఉన్నవాళ్లందరి ఇళ్లకీ కొన్న నీళ్లు టిన్నుల్లో వస్తాయండి. చెరువు నీళ్లు తాగేది మేమండి. తాగేవాళ్లమే వాటిని పాడు చేస్తామాండి?"

మా ఇంటికీ టిన్నే వస్తుంది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

అన్నయ్య లేచాడు. కోపంతో వెళ్లిపోతున్నాడనుకున్నాను. వెళ్లలేదు, కండువా సర్దుకుని కార్యదర్శి వైపు తిరిగాడు. "నా చెరువు నీళ్లు బోదెలోకే వదులుతున్నానండి. అది కూడా రాసుకోండి. ఇకమీదట మురుగు కాలువలోకి మళ్లిస్తాను" అన్నాడు. అలా మళ్లించాలంటే ఆయన బంగారంలాంటి చేను మధ్య నుంచి తవ్వుకోవాలి. పెద్దాయనే ఒప్పుకున్నాక మిగతావాళ్లు సణుక్కుంటూనే తలలూపారు. ఇంజనీరుగారు అక్కడే బల్ల మీద మ్యాపు పరిచి, రక్షణ గీతని చెరువు గట్టు దాకా తగ్గించి, బోదె పొడుగునా రెండు పక్కలా కొత్తది గీశారు. వదిన స్థలం బయటికి వచ్చింది.

అన్నయ్య మాత్రం చాలాకాలం మా గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే వదినగారే, అంటే ఆయన భార్యే, ఎత్తి ఏదో ఒకటి చెప్పేది. నాకు బెంగగానే ఉండేది. అయినా ఆ రోజు మాట్లాడినందుకు ఒక్కసారీ బాధపడలేదు.

మరుసటి వేసవిలో, కాలువలు కట్టేశాక, అట్ల వదిన గృహప్రవేశం చేసుకుంది. రెండు గదులు, ముందు చిన్న అరుగు. పాలు పొంగించాక అందరికీ స్టీలు గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది. చెరువు నీళ్లే. పెద్దవాళ్లు కొందరు ఇప్పుడే తాగామమ్మా అన్నారు. అప్పుడే అన్నయ్య లోపలికి వచ్చి, నన్ను చూసి, నా పక్కనే చాప మీద కూర్చున్నాడు. వదిన ఆయన ముందు కూడా గ్లాసు పెట్టి, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

అన్నయ్య గ్లాసెత్తి ఆగకుండా తాగేశాడు. తర్వాత నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"వాసన లేదు కదే?"

ఇన్నాళ్ల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. నా గ్లాసు ఖాళీ చేసి, లేదన్నయ్యా అన్నాను. ఆయన నమ్మనట్టు చూసి, వదిన చేతికి గ్లాసు అందించి మళ్లీ పొయ్యమన్నాడు.