ఎడమకాలికి పని లేని కారు

2007 శ్రావణమాసంలో ఒక గురువారం పొద్దున, సోమందేపల్లి దాటిన కాసేపటికి, హిందూపురం పట్టుచీరల వ్యాపారి భాస్కరయ్య ఒడిలోకి గిన్నెడు చిత్రాన్నం వచ్చి చేరింది. అది ఆయన కోసం చేసిందే. కాకపోతే ధర్మవరం చేరాక తినవలసింది.

రోడ్డు మీద కుక్క లేదు, గొర్రె లేదు, మనిషి లేడు. జరిగిందల్లా ఇంతే: డ్రైవర్ ఉలిగప్ప గేరు మార్చబోయి ఎడమకాలితో క్లచ్చి తొక్కాడు. ఆ కొత్త కారుకు క్లచ్చి లేదు. క్లచ్చి ఉండవలసిన దిక్కున వెడల్పాటి బ్రేకు ఉంది. చదువుకున్న కారు కాబట్టి, తొక్కీ తొక్కగానే ఉన్నచోట నిలిచిపోయింది. వెనుక అద్దం కింది పలక మీద భాస్కరయ్య భార్య పద్మావతమ్మ భద్రంగా పెట్టిన గిన్నె మాత్రం నిలవలేదు.

"ఏమప్పా, ఏం అడ్డమొచ్చె?" అన్నాడు భాస్కరయ్య, పంచె మీది పల్లీలు ఏరుకుంటూ.

"ఏమీ రాలేదయ్యా. నా కాలే అడ్డమొచ్చె."

"కొత్త సీటుకు నూనె అంటె చూడు," అంది పద్మావతమ్మ. భర్త పంచె సంగతి ఆమె ఎత్తలేదు. పంచెలు ఇంట్లో చాలా ఉన్నాయి.

మరుసటి వారం నుంచి ఉలిగప్ప ఎడమకాలి చెప్పు విప్పి, ఆ కాలిని సీటు కిందికి మడిచి పెట్టుకుని తోలడం మొదలుపెట్టాడు. పద్మావతమ్మ అది గమనించి, "కాలు నొస్తాందా?" అని అడిగింది.

"నొప్పేం లేదమ్మా. పని లేదు."

ఉలిగప్పది కన్నడ సరిహద్దు ఊరు అగళి. ఇరవై రెండేళ్ళకు హిందూపురం వచ్చి, లారీల మీద పదిహేడేళ్ళు తిరిగి, 1993లో భాస్కరయ్య కాంటెస్సా కారు కొన్ననాడు దాని ముందు సీట్లో కూర్చున్నాడు. తర్వాత పద్నాలుగేళ్ళు అందులోంచి దిగలేదనే చెప్పాలి. ప్రతి గురువారం హిందూపురం నుంచి పెనుకొండ, పెనుకొండ నుంచి చెన్నేకొత్తపల్లి, అక్కడి నుంచి ధర్మవరం. సాయంత్రానికి చీరల మూటలతో అదే దారిన వెనక్కి. పెనుకొండలో మెకానిక్ డేవిడ్ వాళ్ళ నాయన ఒకసారి దాని గేరుబాక్సు విప్పి బిగించాడు. ఆనాటి నుంచి మూడో గేరు ఇంటల్లుడి మాదిరి తయారైంది. పిలిస్తే రాదు, బతిమాలితే వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గొంతు మారే క్షణం కనిపెట్టి, కాలు సగం ఎత్తి, మణికట్టు కొంచెం లోపలికి తిప్పి, "బా తాయీ, బా" అని, రా తల్లీ రమ్మని, కన్నడంలో అంటే తప్ప పడేది కాదు. ఉలిగప్ప ఇంట్లో భార్య సోమక్కతో కూడా అంత మెత్తగా మాట్లాడేవాడు కాదని సోమక్కే అందరికీ చెప్పేది.

ఇక కొత్త కారు. భాస్కరయ్య కొడుకు నవనీత్ బెంగళూరులో కొనుక్కొచ్చిన జర్మనీ కారు అది. దాని బలం గురించి అతను చెబుతుంటే షాపులో చీరలు మడిచేవాళ్ళు కూడా చేతులు ఆపి వినేవారు. ఉలిగప్ప దాన్ని ఏనాడూ తిట్టలేదు. మంచి కారు. ఎండాకాలంలో కూడా లోపల మార్గశిరం మాదిరి ఉంటుంది. పద్మావతమ్మ నడుంనొప్పి దాంతో తగ్గింది. వాన పడితే అద్దం తుడిచే పుల్లలు వాటంతట అవే తిరుగుతాయి. వెనక్కి తీసేటప్పుడు ఏదైనా అడ్డముంటే అదే కూత పెడుతుంది. గేర్లు ఎప్పుడు మారతాయో దానికే తెలుసు, మారినట్టు ఎవరికీ చెప్పదు. ఉలిగప్పకు అందులో కూర్చున్నప్పుడల్లా, పెళ్ళివారింట్లో అన్ని పనులూ ఎవరో ఒకరు చేసేస్తుంటే ఎక్కడ నిలబడాలో తెలియని ముసలి చుట్టం మాదిరి అనిపించేది.

ఒకరోజు నవనీత్ బెంగళూరు నుంచి ఒంటరిగా తోలుకొచ్చి, దిగుతూనే ఉలిగప్ప భుజం తట్టాడు. "నూటా డెబ్బై పోయినానబ్బా. ఏమీ తెలియనే లేదు."

అది అతను మెచ్చుకోలుగా అన్నాడు. ఉలిగప్పకు మాత్రం పాపం అనిపించింది. కాంటెస్సా ఎనభై దాటితే తలుపులకు తెలిసేది, అద్దాలకు తెలిసేది, అరచేతులకు తెలిసేది. పెనుకొండ దగ్గర ఎత్తెక్కి అవతల దిగుతుంటే కడుపులో చిన్న గుబులు పుట్టేది. ఆ గుబులు కోసమే మళ్ళీ గురువారం ఎప్పుడొస్తుందా అని చూసేవాడు. అంత దుడ్డు పెట్టి కొన్నది ఏమీ తెలియకుండా ఉండడానికా అన్న ప్రశ్న నాలుక చివరి దాకా వచ్చింది. యజమాని కొడుకును అడిగే ప్రశ్న కాదని మింగేశాడు.

కార్తీకంలో నవనీత్ కాంటెస్సాను డేవిడ్‌కు అమ్మేశాడు. డేవిడ్ దాన్ని విడదీసి సామాన్లు అమ్ముకుంటాడు. ఆదివారం తనే హిందూపురం వచ్చి తోలుకుపోతాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఉలిగప్పకు ఒకటే కోరిక. ఒక్కసారి, ఆఖరిసారి, దాన్ని తన చేత్తో తోలాలి. అడిగితే ఇస్తారు. కానీ యాభై మూడేళ్ళ మనిషి ఏమని అడుగుతాడు? పని ఉండాదని చెప్పడానికి పని లేదు.

శుక్రవారం మధ్యాహ్నం భాస్కరయ్య కోడలు వాసవి పాత సూట్‌కేసు వెతుక్కుంటూ వెనుక షెడ్డులోకి పోయింది. కాంటెస్సాలో ఉలిగప్ప కూర్చుని ఉన్నాడు. తాళంచెవి లేదు. క్లచ్చి తొక్కుతున్నాడు, గేరు వేస్తున్నాడు, స్టీరింగు కొంచెం కొంచెంగా తిప్పుతున్నాడు. ఇంజను చప్పుడు నోటితో చేస్తున్నాడు. ఎత్తు వచ్చినట్టుంది, ఆ చప్పుడు కాస్త బరువెక్కింది.

వాసవి కాసేపు చూసి, "ఉలిగన్నా, యాడికి పోతాండావు?" అంది.

చప్పుడు ఆగిపోయింది. దిగి పారిపోదామంటే తలుపు వాసవి వైపే ఉంది. తలదించుకుని, "పెనుకొండ దాటినానమ్మా," అన్నాడు.

"సరే, పోయిరా," అని ఆమె సూట్‌కేసు సంగతి మరిచిపోయి బయటికి వచ్చి, షెడ్డు తలుపు మెల్లగా మూసింది.

రాత్రి భోజనాల దగ్గర ఆ ముచ్చట చెప్పకుండా ఉండలేకపోయింది. నోటితో చప్పుడు చేసి మరీ చూపించింది. అందరూ నవ్వారు. భాస్కరయ్య కూడా నవ్వాడు కానీ, ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"డేవిడ్‌ను రావద్దను. ఉలిగప్ప పోయి ఇచ్చొస్తాడు," అన్నాడు చివరికి. "నేనూ పోతా."

"నువ్వెందుకు నాయనా?" అన్నాడు నవనీత్.

"కాగితాల మీద సంతకం నాది గదా."

ఆదివారం తొమ్మిదికి బయల్దేరారు. భాస్కరయ్య అలవాటుగా వెనుక తలుపు తీసి, మళ్ళీ వేసి, ముందుకొచ్చి కూర్చున్నాడు. పద్నాలుగేళ్ళలో అది మొదటిసారి. ఉలిగప్ప ఎడమకాలు తన చోటు వెతుక్కోకుండానే దొరికించుకుంది. సోమందేపల్లి దాటాక ఎత్తు మొదలైంది. ఇంజను గొంతు మారింది. "బా తాయీ" అనబోయి, పక్కన యజమాని ఉన్నాడని సిగ్గుపడి, పెదాలు మాత్రం కదిపాడు. గేరు పడింది.

పెనుకొండ వచ్చింది. బస్టాండుకు ఇవతల డేవిడ్ షెడ్డు కనిపిస్తోంది. ఉలిగప్ప బండి నెమ్మదించాడు.

"అప్పుడే వస్తిమా?" అన్నాడు భాస్కరయ్య.

"వస్తిమయ్యా."

"బండి వేడెక్కిందా?"

"ఇప్పుడే ఎక్కె."

"అట్లయితే పో."

ఉలిగప్ప ఆయన ముఖం వైపు చూడలేదు. చూస్తే తన ముఖమూ ఆయనకు కనిపిస్తుంది. షెడ్డు వెనక్కి పోయింది. చెన్నేకొత్తపల్లి దగ్గర ధర్మవరం దారి పట్టాక భాస్కరయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఉలిగప్పా, ఆ మూడో గేరు ఒకసారి నేను వేస్తా. నువ్వు క్లచ్చి తొక్కు."

"పడదయ్యా అది మీకు."

"నువ్వు తొక్కప్పా."

మొదటిసారి వేసినప్పుడు గేరుబాక్సు అరిచిన అరుపుకు పక్క చేనులో వేరుశనగచెట్లు పెరికేవాళ్ళు లేచి నిలబడ్డారు. రెండోసారీ అంతే. మూడోసారి ఉలిగప్ప తన చెయ్యి ఆయన చేతి మీద వేసి, మణికట్టు లోపలికి తిప్పించి, "తొందర పడగూడదు, అడగల్ల," అన్నాడు. గేరు పడింది. అరవై ఎనిమిదేళ్ళ భాస్కరయ్య, నలభై ఏళ్ళుగా చీర నేతలో తప్పు తప్ప మరేదీ చేత్తో తడిమి ఎరుగని మనిషి, పెదాలు బిగబట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"చేతికి తెలుస్తాదే," అన్నాడు కాసేపటికి.

"తెలుస్తాదయ్యా."

ధర్మవరంలో వాళ్ళకు ఏ పనీ లేదు. బస్టాండు దగ్గర నిలబడి టీ తాగి, మళ్ళీ వెనక్కి తిప్పారు. వచ్చేటప్పుడు చెన్నేకొత్తపల్లి దాటాక ఉలిగప్ప ఎంత నెమ్మదిగా తోలాడంటే సైకిలు మీద పోయేవాడు ఒకడు వెనక్కి తిరిగి, "డీజిలు అయిపోయెనా ఏమప్పా?" అని జాలిగా అడిగిపోయాడు.

పెనుకొండలో డేవిడ్ షెడ్డు గడపలో నిలబడి ఉన్నాడు. పొద్దున ప్రార్థనకు కూడా పోకుండా వీళ్ళ కోసమే కాచుకున్నాడట. ఉలిగప్ప దిగి, తాళంచెవి అరచేతిలో కాసేపు పట్టుకుని, తర్వాత అందించాడు.

"ఏమప్పా ఉలిగప్పా, పదికి వస్తానంటివి, మూడయిపోయె. హిందూపురం నుంచి పెనుకొండకు ఆరు గంటలా?" అన్నాడు డేవిడ్.

"దోవ చాల్లేదు డేవిడ్, అందుకే ధర్మారం దంకా పోయొస్తిమి."