ఆయిలింజన్ రాజారత్నం

పుత్తూరులో ఉత్త రాజారత్నం అంటే ఏ రాజారత్నం అని అడుగుతారు. ఆయిలింజన్ రాజారత్నం అంటే వెంటనే అంగడి చూపిస్తారు. ఆయన ఆయిలింజన్ ముట్టుకొని ఎన్నో ఏళ్లయింది, పేరు మాత్రం పోలేదు.

మీసాలు రాకముందే వాటిని బాగుచేసే పని నేర్చుకున్నాడు. అప్పట్లో చుట్టుపక్కల బావుల మీద ఎక్కడ చూసినా డీజిల్ ఇంజన్లే. చెరుకు తోటల్లో పొద్దంతా వాటి దడదడే. తర్వాత పల్లెలకు కరెంటు స్తంభాలొచ్చి ఇంజన్లు మూలపడ్డాయి. కొన్నాళ్లు పనిలేక కూర్చున్న రాజారత్నం చిత్తూరు పోయి, మోటార్లకు రాగితీగ చుట్టడం నేర్చుకొచ్చాడు. బావులు ఎండి బోర్లు పడే కాలానికి ఆయనకు తిండి తినే తీరిక లేదు. లోవోల్టేజీకి కాలిన మోటార్లు అంగడి ముందు వరస కట్టేవి.

ఇప్పుడు సోలారు వంతు. కూతురు జెస్సీ ఐటీఐ చదివి, సోలారు పంపులు బిగించే పనిలో చేరింది. ఇంట్లో ఆ మాటెత్తితే ఆయన కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. పైగా పాత స్నేహితుడు గురప్ప ఒక్క మాటైనా చెప్పకుండా మామిడితోటలో సోలారు పలకలు పెట్టించుకున్నాడు. బస్సులోంచి అవి కనబడిన రోజునుంచి రాజారత్నం అతనితో మాట మానేశాడు.

చలికాలంలో గురప్పే అంగడికొచ్చాడు.

"మోటరు నీళ్లు సరిగా ఎత్తడం లేదప్పా. జెస్సీ వస్తా ఉండాది. నువ్వూ రా."

"సోలారోళ్లకి నాతో ఏం పని?" అన్నాడు రాజారత్నం. అయినా వెళ్లాడు. సోలారు గుట్టు బయటపడితే కళ్లారా చూడాలనుకున్నాడు.

జెస్సీ అన్నీ పరీక్షించింది. పలకలు పెట్టింది ఎండాకాలంలో. ఇప్పుడు పొద్దు దక్షిణానికి వాలడంతో, అటుపక్కనున్న వేపచెట్టు నీడ వాటి మీద పడుతోంది.

"చెట్టు కొట్టేయాల్సిందే మామా" అంది.

గురప్ప మొహం చిన్నబోయింది. "అది మీ అత్త నాటిందమ్మా. ఆమె పోయినాక నేను కూసునేది దాని కిందే."

రాజారత్నం చెట్టు చుట్టూ తిరిగి వచ్చాడు. "పలకల్నే జరిపితే ఏం?"

"అంత బరువు ఎట్లా ఎత్తేది నాయనా?"

"బోర్లోంచి మోటార్లు లాగే చైను నా దగ్గర ఉండాది కదా!"

కొత్త చోట కాంక్రీటు దిమ్మెలు పోసి ఆరనిచ్చారు. తర్వాత తండ్రి చైను లాగుతుంటే కూతురు బోల్టులు బిగించింది. మధ్యాహ్నానికి పైపు నిండా నీళ్లు దూకాయి. రాజారత్నం ఆ నీళ్లలో చేతులు కడుక్కుంటూ, గురప్ప వైపు చూడకుండానే అడిగాడు:

"నాకు చెప్పకుండా పెట్టించినావే?"

"నువ్వు బాధపడతావని చెప్పలేదప్పా."

"చెప్పకపోతే పడనా?"

గురప్ప టవలు అందించాడు.

ఇప్పుడు బరువులెత్తే పనుంటే జెస్సీ నాయనను స్కూటీ మీద ఎక్కించుకొని పోతుంది. కంట్రోలర్ డబ్బా విప్పినప్పుడల్లా ఆయన అద్దాలు పెట్టుకొని పక్కన కూర్చుంటాడు. ఒక్కటి మాత్రం ప్రతి రైతుకూ చెప్తాడు: మబ్బు పట్టిన రోజులుంటాయి, కరెంటు లైను తీయించొద్దని. జెస్సీ కాదనదు.