కరస్పాండెంటు గారి సాలీడు

జయప్రకాశ్‌ది వైరా. కొత్తగూడెంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పంతొమ్మిదేళ్లుగా జువాలజీ చెబుతున్నాడు. అన్నేళ్లూ ఒకటే నోట్సు. అడవి పక్కనే ఉన్నా విద్యార్థులను ఒక్కసారీ తీసుకెళ్లలేదు. అక్కడ తనకేమీ తెలియదని వాళ్లకు తెలిసిపోతుందని భయం.

ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీ అవుతోందనగానే ఆయనకు పరిశోధన గుర్తొచ్చింది. ఒక కొత్త జీవికి కాలేజీ నడిపే కరస్పాండెంటు పేరు పెడితే కుర్చీ తనదే. పర్ణశాల దారిలోని ఒక గూడేనికి వెళ్లి, ఇప్పపువ్వు ఏరే జంపక్కను కూలికి మాట్లాడుకున్నాడు. కావలసింది తోడేలు సాలీడు. అది గూడు అల్లదు, నేల మీద పరుగెత్తి వేటాడుతుంది. ఆడది గుడ్లసంచిని వెనక తగిలించుకుని తిరుగుతుంది. పువ్వు రాలే ముందు చెట్ల కింద ఆకులు ఊడ్చే జంపక్క దాన్ని ఏటా చూస్తూనే ఉంది. వారంలో ఆడవి నాలుగు, నల్లటి మగవి రెండు సీసాల్లో పట్టి తెచ్చింది.

"సారూ, గివి రెండు ఒక్క జాతి కాదు. నల్లది వాగు ఇసుకల ఉంటది. సంచి మోసేది ఇప్పచెట్ల కింద ఉంటది. రెండూ ఒక్కతాన నేనెన్నడు చూడలే."

"నువ్వెంత చదివినవ్ జంపక్కా?"

"నేను చదవలే సారూ. అవి గూడ చదవలే."

జయప్రకాశ్ రెండింటినీ ఒకే జాతి ఆడామగల జంటగా రాసేశాడు. కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఒక్క నమూనాను ఆధారంగా చూపాలి. పేరు దానికే అతుక్కుని ఉంటుంది. బాటనీ చెప్పే సంపూర్ణ సీసాలు చూసి, "ఆడదాన్నే పెట్టండి సార్, కొత్తగ కనబడేది అదే," అంది.

"కరస్పాండెంట్ సారు పేరు ఆడదానికి పెట్టమంటవా మేడం? నా నౌకరీ ఉంటదా?"

"ఎనిమిది కాళ్లున్నదానికి పెడితే ఉంటదా?"

ఆయన మగదాన్నే పెట్టాడు. వ్యాసం ఎలాగో అచ్చయింది. కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. కరస్పాండెంటు తన పేరున్న సాలీడు ఫోటోకు చట్రం కట్టించి తన గదిలో పెట్టుకున్నాడు.

రెండు నెలలకు ఒక మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. ఆ మగ సాలీడుకు అరవై ఏళ్ల కిందటే వేరే పేరుంది, కాబట్టి మీ పేరు చెల్లదు. ఆడది వేరే జాతి, నిజంగా కొత్తది. దాన్ని విడిగా వర్ణించి వెంటనే పంపండి.

"రాయండి సార్, ఇంకేంది ఆలస్యం?" అంది సంపూర్ణ.

"రాస్తే మొదటిది తప్పని సారుకు తెలుస్తది. కుర్చీ వచ్చినంక చూద్దాం."

జూన్‌లో కుర్చీ వచ్చింది. ఉత్తరానికి జవాబు మాత్రం వెళ్లలేదు. మరుసటి వేసవిలో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక పరిశోధకురాలు జంపక్క వెంట ఇప్పచెట్ల కింద నాలుగు రోజులు తిరిగి, ఆడ సాలీడుకు పేరు పెట్టింది. చెల్లని పేరు కరస్పాండెంటు గదిలోనే వేలాడుతోంది. వచ్చినవాళ్లకు దాన్ని చూపించి వివరించే పని ఇప్పుడు ప్రిన్సిపాల్ గారిదే.