ఎదురు రామ్మా

"యాడికన్నా పయనం?" అని అడిగాను.

"దూరం పోవల్ల. నువ్వు ఎదురు రామ్మా," అన్నాడు. మంచం మీద నుంచి మస్తానన్న నాతో అన్న ఆఖరి మాట అదే.

ఇందాక వీధిలో సైకిలు గంట మోగింది. ఆ మాట మళ్లీ చెవిలో పడినట్టయింది. నాకు సంతకానికి మించి రాదు కాబట్టి, నా మనవరాలు సుజాతను కాగితం తెచ్చుకొని కూర్చోమన్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎమ్మిగనూరులో మా వీధి మొదట్లో మస్తానన్నకు సైకిళ్ల అంగడి ఉండేది. మా ఆయన సైకిలు మీద కొండల నడిమి ఊళ్లు చుట్టి, మగ్గాల ఇళ్లకు నూలు వేసి, నేసిన చీరలు తెచ్చి సావుకారుకు అప్పగించేవాడు. ఆయన పోయేనాటికి నా కొడుకు చంకబిడ్డ. ఆ చుట్టు ఆగితే మా పొయ్యి ఆగుతుంది. నేను తిరుగుతానంటే సావుకారు నవ్వాడు. మస్తానన్న నవ్వలేదు. చీర కచ్చె పోసి కట్టుకొని రమ్మని, కోత కోసిన చేలో సైకిలు నేర్పాడు. నేను పడితే ముందు సైకిలుకు ఏమైందో చూసేవాడు. "నువ్వు లెయ్యి. రేపు కొండగట్టుకాడ లేపేదానికి నేనుండను గదా," అనేవాడు.

తొక్కడం వచ్చింది, గట్టు ఎక్కడమూ వచ్చింది. అసలు కష్టం గట్టు మలుపులో ఎదురైంది. లోయలోంచి ఆదోనికి పత్తి వేసుకొని పోయే బండ్లు పొద్దున్నే అక్కడికి వచ్చేవి. నరసప్ప అనే రైతు నా బోసినొసలు చూసి, "పొద్దున్నే ముండమోపి ఎదురొచ్చె," అని ఎడ్లను ఇంటికి మళ్లించాడు. ఇంకొక బండి మళ్లితే నూలు ఇవ్వనన్నాడు సావుకారు. చుట్టును రెండోవైపు నుంచి తిరిగి చూశాను. అటు గట్టు గోడలా నిలబడి ఉంటుంది. నూలు చేరేసరికి మధ్యాహ్నం, మగ్గాలన్నీ ఖాళీ.

రేపు పాత దారినే రమ్మన్నాడు మస్తానన్న. తాను సామాను కోసం ఆదోనికి పోవలసినవాడు, ఆ సాయంత్రమే లోయలోకి పోయి, తెల్లవారి నరసప్ప బండెక్కి వచ్చాడు. మలుపులో నన్ను చూసి నరసప్ప పగ్గాలు బిగించాడు. మస్తానన్న దిగి, టోపీ సర్దుకొని, దారి మధ్యకు నడిచి వచ్చాడు.

"నేను బేరానికి పోతాండా. ఎదురు రామ్మా."

నేను సైకిలును పక్కకు తిప్పబోయాను.

"రా చెల్లే. మంచి పనికే పోతాండా."

తొక్కాను. ఆయన పక్క నుంచి, ఎడ్ల కొమ్ముల పక్క నుంచి పోయాను. నరసప్ప తల వంచుకొని ఉన్నాడు. ఆ రోజు వాళ్ల బేరాలు కుదిరాయో లేదో నేను అడగలేదు. తర్వాతి సంతకు అదే మలుపులో ఆ బండి పక్కకు తొలగి దారి ఇచ్చింది. కడదాకా మళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. సావుకారుకు చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. చీరలు వేళకు వస్తున్నాయి గనుక ఆయన నూలు ఆపలేదు. నేను తొక్కుతూనే ఉన్నాను. మస్తానన్న మాత్రం ఆదోనికి పోయినప్పుడల్లా మా గుమ్మం ముందు నిలబడి, నేను ఎదురు వచ్చాకే కదిలేవాడు.

ఆయన జనాజా లేచినప్పుడు సైకిలు తీసి, వెనక సందులోంచి చుట్టి, ఎదురు వచ్చాను. మోసేవాళ్లు ఆగలేదు.

సుజాతా, రేపు నువ్వు కొత్త ఉద్యోగానికి పోతావు. మీ అమ్మ నన్ను లోపలి గదిలో కూర్చోమంటుంది, మర్యాదగానే. నేను కూర్చోను. గడప ముందుకు ఎదురు వస్తాను. అదీ రాయి.

రాశావా? ఏదీ, మొదటి నుంచి చదువు, వింటాను.