అడవి పక్కన ఉప్పు రొట్టె

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను పుంగనూరు బస్టాండులో ఉన్నాను. ఆమెకు వారం రోజులుగా జ్వరం. "అమ్మ పొద్దున పోయిందప్పా, నువ్వు రా" అన్నాడు, అంతే. కుప్పం వైపు బస్సెక్కాక గుర్తొచ్చింది. పదేళ్ల కిందట ఇదే బస్టాండు బయట నేనొక బెల్లం ఉండ కొన్నాను. దాని గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

తొంభైల చివర్లో నేను మదనపల్లెలో కొత్త విలేకరిని. అత్త పొలం కుప్పం అవతల, అడవికి ఆనుకుని ఉండేది. మామ అప్పటికే లేడు. రాగులు కోశాక కుప్ప ఇంటికి చేరేదాకా ఆమె పొలంలోనే కావలి ఉండేది. చుట్టుపక్కల పొలాలవాళ్లూ అంతే. ఏనుగు కనిపిస్తే ఒకరు డబ్బా వాయిస్తారు, మిగతావాళ్లు అందుకుంటారు. ఒంటరిగా ఎవరి పంటా దక్కదు. వాళ్లకొక కట్టుబాటు ఉండేది: తీపి వాసనకు ఏనుగు వస్తుందని, కావలి దగ్గర తీపి వండకూడదు. వండినవాళ్ల పక్కన మళ్లీ ఎవరూ కావలి ఉండరు.

సెలవు దొరికినప్పుడు నేనూ తోడు వెళ్లేవాణ్ణి. అత్త భయస్తురాలు. తానే చెప్పుకొనేది. కొమ్మ కదిలినా లేచి నిలబడేది. నేను నవ్వితే, "భయం ఉండల్లప్పా. భయం లేనోడే ముందు పోయేది" అనేది.

మూడు రాళ్ల మీద ఇనుప పెనం. రాగిపిండిలో ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, మునగాకు, ఉప్పు, వేణ్ణీళ్లు. తడిగుడ్డ మీద పిండి ముద్ద పెట్టి వేళ్లతో తట్టి, గుడ్డతో సహా పెనం మీద బోర్లించి, గుడ్డ ఒలిచేది. ఇంత సులువైన వంట ఇంకోటి లేదు.

"ఒకతూరి తీపి రొట్టె జెయ్యత్తా" అని అడిగాను.

"ఈడొద్దు. ఇంటికి పోయినాక జేస్తా."

అది మూఢనమ్మకమని నాకు గట్టి నమ్మకం. ఆ రోజు ఇంకా పొద్దు గూకలేదు. ఆమె నీళ్లకు బావి దగ్గరకు వెళ్లింది. నేను వస్తూ కొనుక్కొచ్చిన బెల్లం ఉండ చితక్కొట్టి, ఒక ముక్క నోట్లో వేసుకుని, మిగతాది పిండిలో కలిపేశాను. అత్త తిరిగొచ్చి, చూసుకోకుండానే మొదటి రొట్టె తట్టి పెనం మీద వేసింది. అంచులు నల్లబడి, మాడిన బెల్లం వాసన లేచింది. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏమేసినావురా?" అంతకు ముందెప్పుడూ నన్ను 'రా' అనలేదు.

"కొంచెం బెల్లమే..."

"యాల జేసినావు? సంపేస్తావా ఇద్దర్నీ?"

అప్పుడే పొదల్లో ఏదో విరిగింది. అత్త నా చెయ్యి పట్టి పక్కనున్న గుండురాయి వెనక్కి ఈడ్చింది. చేతులకున్న పిండిని వాసన చూసుకుని, మట్టిలో గబగబా రుద్దుకుంది. ఆ మట్టిచేత్తోనే నా నోరు మూసింది. నా పళ్ల మధ్య మట్టీ, ఇంకా మిగిలిన తీపీ.

ఒంటరి ఏనుగు. రాగికుప్పను దాటి నేరుగా పొయ్యి దగ్గరకు వచ్చింది. వాసన కోసమే వచ్చిందని చెప్పడానికి నా దగ్గర అంతకు మించి రుజువు లేదు. కాలితో పెనాన్ని పక్కకు తన్ని, గిన్నెలో పిండి మొత్తం తినేసింది. తర్వాత తొండం ఎత్తి మావైపు తిప్పింది. దాని ఊపిరి వినిపించేంత దగ్గర. అత్త కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేకపోయాను.

పక్క పొలంలో డబ్బా మోగింది. దాని వెనకాల ఇంకొకటి, ఇంకొకటి. ఏనుగు నిదానంగా మళ్లింది. పోతూ పోతూ పెనాన్ని తొక్కింది.

పక్క పొలం రైతు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "కుప్పను ముట్టకుండా ఈడికే వచ్చినాదేమి? తీపి గాని జేసినారామ్మా?"

అత్త నావైపు చూడలేదు. "ల్యా అప్పా. ఉప్పు రొట్టెలే."

మర్నాడు నేను వార్త పంపాను. 'మేత కోసం పొలాల్లోకి ఏనుగు' అని రాశాను. బెల్లం మాట రాయలేదు. నిజం చెబితే ఆమె పక్కన డబ్బా వాయించేవాళ్లు ఉండరు. ఆమె నాకోసం అబద్ధమాడింది, నేను ఆమెకోసం అనుకుని రాయకుండా ఊరుకున్నాను. ఎక్కువగా నా భయంతోనే ఊరుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ పెనం నడిమిన గుంటపడింది. అత్త దాన్ని మార్చలేదు. రొట్టె నడుమ మందంగా, కాస్త పచ్చిగా వచ్చేది. నేను ఎప్పుడు వెళ్లినా ఆ ముక్క తుంచి నా పళ్లెంలో పెట్టేది. "ఇది నీ వాటా. యాలో నీకు తెల్సు." నవ్వేది. ఎందుకని బావ అడిగినా చెప్పలేదు.

పదకొండో రోజు అన్నీ అయ్యాక, సాయంత్రం ఆమె కోడలు అదే పెనం మీద రొట్టెలు చేసింది. అందరికీ పెడుతూ, నడిమి ముక్క తుంచి చేతిలో పట్టుకుని ఆగింది.

"అత్త దీన్ని నీకే పెడ్తాండె. యాల అన్నా?"

బావ, ఊరివాళ్లు తినడం ఆపి నావైపు చూశారు. వాళ్లలో ఆ పక్క పొలం రైతు కూడా ఉన్నాడు. నేను పళ్లెం చాపాను. ముక్క ఇంకా వేడిగా ఉంది. నోట్లో పెట్టుకుంటే ఉప్పే తగిలింది. మింగి, చెప్పడానికి నోరు తెరిచాను.