ఖాదర్ మామ సగం

నిన్న మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు పొయ్యి మీద మైదా జిగురు ఉడికింది. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసి కలుపుతుంటే వచ్చిన వాసనకు నా తొమ్మిదో ఏడూ, కార్ఖానా బస్తీలో మేమున్న పెంకుటిల్లూ, నాయన బల్ల మీద ఉండే సగం పుస్తకమూ గుర్తొచ్చాయి.

సగం అంటే నిజంగానే సగం. నాయనా, బన్సీలాల్‌పేట్‌లో ఉండే ఖాదర్ మామా రైల్వే ఆఫీసులో పక్కపక్కన కూర్చునే గుమాస్తాలు. ఇద్దరికీ ఇంగ్లీషు పుస్తకాల పిచ్చి. విడివిడిగా కొనే స్థోమత లేక ఇద్దరూ కలిసి ఒకటి కొని, అట్టలు కట్టే జిల్దుసాజు దగ్గరికి తీసుకెళ్లి, మధ్యకు కోయించి, రెండు సగాలకూ ఎర్ర గుడ్డ అట్టలు వేయించేవారు. చెరొకటి చదవడం పూర్తయ్యాక ఒక ఆదివారం మార్చుకునేవారు. ఇంకొకరితో పంపకూడదు, చేతి నుంచి చేతికే ఇవ్వాలి. సగాలు కావడంతో ఎప్పుడూ ఒకరికి కథ నడిమధ్యలో మొదలయ్యేది.

ఆ ఏడు కొన్నది పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు కవి ఒకాయన జీవితచరిత్ర. మొదటి సగం మాకు వచ్చింది. నాయన ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చదివినంత మేర నాకు తెలుగులో చెప్పేవాడు. కవి బట్టలకు రంగులద్దేవాడి కొడుకు. చేతులకు నీలి మరకలతోనే పద్యాలు రాసుకుని, తండ్రిని నానా మాటలూ అని లండన్ పారిపోయాడు. మామ సగంలో ఆయనే తెల్లగడ్డం పెద్దమనిషి. ముసురు పట్టిన ఆదివారాలు మా వసారాలో బొగ్గుల మీద మక్కకంకులు కాలుతుంటే, స్నేహితులిద్దరూ ఆయన గురించి వాదించుకునేవారు.

"నీ పిలగానికి పొగరెక్కువ భాయ్," అనేవాడు మామ. " కన్నతండ్రిని గట్ల అంటరా? మా ముసలాయన బడి పిల్లలొచ్చినా లేచి కుర్చీ ఇస్తడు."

"మీ ముసలాయన మా పిలగాడే గదనే!"

"ఏమో, నాకైతే నమ్మబుద్ధి అయితలేదు."

"ఎన్నడో సచ్చినాయన కోసం మీరెందుకు కొట్లాడుతున్నరు?" అని అమ్మ వంటింట్లోంచి నవ్వేది.

మా సగం చివర కవి మొదటి పుస్తకం ఎవరూ కొనలేదు. ఆయన రేవులో ఉద్యోగానికి చేరి, కాగితాలన్నీ మూటగట్టి అటక మీద పడేశాడు. ఇక రాయవా అని భార్య అడిగింది. ఆయన ఆమె వైపు తిరిగి... అక్కడ జిల్దుసాజు కత్తి పడింది. మళ్లీ రాశాడా అని నేను అడిగితే, "ఆదివారం మామ తెస్తడు" అన్నాడు నాయన.

ఆ వారంలోనే భారత సైన్యం నైజాం రాజ్యంలోకి వచ్చింది. ఆఫీసులు మూతపడ్డాయి, వీధిలో అందరూ తలుపులు వేసుకుని పక్కింటి రేడియోకు చెవులు పెట్టారు. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. కానీ ఆ ఆదివారం మామ రాలేదు, పై ఆదివారమూ రాలేదు. ఆఫీసుకూ రాలేదు. ఆయన చుట్టాలు కరాచీ పోతున్నారనీ, ఆయనా పోతాడనీ ఎవరో అన్నారు. నాయన ఎర్ర అట్ట పుస్తకం ఒళ్లో పెట్టుకుని పొద్దుగూకే దాకా వసారాలో కూర్చునేవాడు. నా బాధ మాత్రం వేరు. మామ పోతే కవి సంగతి ఇక తెలియదని. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అదే నిజం.

మూడో ఆదివారానికి బతుకమ్మ పండుగ మొదలైంది. నాయన కోటు తొడుక్కుని నన్ను రమ్మన్నాడు.

"గిప్పుడు ఏడికి?" అంది అమ్మ.

"పుస్తకం ఇచ్చొస్త."

అమ్మ లోపలికి పోయి నువ్వులూ బెల్లమూ దంచిన ముద్దలు గుడ్డలో కట్టింది. "ఒట్టి పుస్తకం ఏం ఇస్తరు, ఇవి సుత ఇయ్యున్రి."

తంగేడు, గునుగు పూల గంపల మధ్య నుంచి బన్సీలాల్‌పేట్ దాకా నడిచాం. మామ తలుపు తీశాడు. గదిలో రెండు పెట్టెలు తాళ్లు కట్టి ఉన్నాయి. రెండో సగం మాత్రం కిటికీలో ఉంది.

"గిది కట్టలే," అన్నాడు మామ దాన్ని తీసి నాయన చేతికిస్తూ. "నీది సుత గద."

నాయన తన సగం ఆయన చేతిలో పెట్టాడు. "మా పిలగాన్ని చూడకుండ ఎట్ల పోతవు? చదువు. చదివినంక తెచ్చియ్యి, చేతి నుంచి చేతికి."

నేను ఆగలేకపోయాను. "మామా, ఆయన మల్ల రాసిండా?"

"రాసిండు బిడ్డా, ముసలోడయినంక. నువ్వు పరేషాన్ గాకు." మామ అమ్మ ఇచ్చిన ముద్ద ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. "సరే భాయ్. చదివినంకనే పోత."

ఆయన పోలేదు. పుస్తకం కోసమే ఆగాడని నేను అనను. ఆయన తల్లి ప్రయాణానికి ఒప్పుకోలేదని తరువాత విన్నాను. కానీ నాయన ఆ సగం ఎప్పుడడిగినా మామ "ఇంక నాలుగు పేజీలున్నయ్ భాయ్" అనేవాడు. ఇద్దరూ పింఛను పుచ్చుకున్నాక కూడా అదే మాట. ఆదివారాలు మాత్రం ఉత్త చేతులతో వచ్చి, మా ఇంట్లో తిని, కవిని తిట్టి పోయేవాడు.

ఇద్దరూ చనిపోయి చాలా ఏళ్లయింది. పోయిన నెల మామ కూతురు ఇల్లు సర్దుతూ ఆ సగం తెచ్చి నా చేతికిచ్చింది. చివరికి నాలుగు పేజీల ముందు ఆఫీసు కాగితం ముక్క ఒకటి మడిచి పెట్టి ఉంది. దాన్ని తీయలేదు. ఊడిన అట్ట మాత్రం నిన్న అతికించి, రెండు సగాలూ బీరువాలో పక్కపక్కన పెట్టాను. ఒక పుస్తకం కోయించి ఇద్దరు చదువుకోవడం ఇప్పుడు లేదు.