అర్ధవీడు గ్యాసక్క

అర్ధవీడు పాలకేంద్రానికి పోయి కృపారాణి ఎవరని అడిగితే కొందరు తల గోక్కుంటారు. గ్యాసక్క అని అడగండి, నెత్తి మీది పాలక్యాను దించి మరీ దారి చూపిస్తారు. కూలికి పోయే సామ్రాజ్యం కూతురు కృపారాణి మార్కాపురంలో ఫ్రిజ్జుల మెకానిక్ కోర్సు చదువుతుంటే నవ్వని నోరు లేదు. ఆ పేరు పెట్టింది ఆ నోళ్లే.

కేంద్రంలో పాలు చల్లబరిచే మిషన్‌కు ఇరవై ఏళ్లు. ఏటా ఎండాకాలం గ్యాస్ ఎక్కడో కారిపోయేది, మళ్లీ నింపేవాళ్లు. చిల్లుకుండకు నీళ్లు పోయడమే అది. కారిన గ్యాసేమో పైకి పోయి, ఎండలోని చెడు కిరణాల నుంచి మనల్ని కాచే ఓజోన్ పొరను తినేసే రకం. అందుకే దాని తయారీని తగ్గించుకుంటూ వచ్చారు. ఈ ఏడు అది దొరకడమే గగనమైంది. పట్నం నుంచి వచ్చిన మెకానిక్ మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, "తుక్కుకేసుకోండి" అని వెళ్లిపోయాడు. సోమవారం పాలు నాలుగు డిగ్రీలకు దిగకపోతే ట్యాంకరు ఇక రాదని డెయిరీ కబురు పంపింది. ట్యాంకరు రాకపోతే ఊరు బర్రెలను అమ్ముకోవాల్సిందే.

"మిషన్‌కేం కాలేదు చిన్నాయనా. కారే చోటు మూసి గ్యాస్ మారిస్తే చాలు," అంది కృపారాణి, మేనేజర్ కరుణాకరంతో.

"పట్నపాయనే చేతులెత్తేసినాడు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా అంటారు మల్ల."

"అననీ."

శనివారం మిషన్‌లో మిగిలిన పాత గ్యాస్‌ను ఒక్క బుస కూడా గాలిలోకి పోనీయకుండా సిలిండర్‌లోకి లాగింది. ఏటా కారే చిల్లు వెతికి మూసి, నూనె, ఫిల్టరు మార్చి, ఓజోన్ జోలికి పోని కొత్త గ్యాస్ ఎక్కించి, ముందు నీళ్లతో పరీక్ష పెట్టింది. నీళ్లు చల్లబడ్డాయి. కానీ గంట తిరక్కుండానే గ్యాస్ మీటరు ముల్లు కిందికి జారింది. అతుకుల మీద సబ్బునురుగు పూస్తే ఐదారు చోట్ల బుడగలు!

ఆ గ్యాసూ వెనక్కి లాగి, ఒక అతుకు విప్పింది. లోపలి రబ్బరు రింగు వదులైపోయి ఉంది. పాత గ్యాస్‌లో ఇరవై ఏళ్లు నాని ఉబ్బిన రబ్బరు, కొత్త గ్యాస్‌లో సన్నబడిపోయింది.

"చూపుకు బాగుండాయని రింగులు మార్చకుండా వదిలేసినా చిన్నాయనా. తప్పు నాదే." సిగ్గుతో ఆమెకు తల పైకి లేవలేదు.

మెకానిక్ తప్పు ఒప్పుకోవడం మనమెప్పుడైనా విన్నామా? కరుణాకరమూ వినలేదు. అందుకే తిట్టడం మరిచిపోయాడు.

"యాడ దొరుకుతాయో చెప్పు, నేనే పోయి తెస్తా," అని గిద్దలూరికి బండి తీశాడు.

ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టిందని తిట్టడానికి వచ్చిన సామ్రాజ్యం, కూతురి జిడ్డు చేతులు చూసి, సంగటి ముద్దలు చేసి తానే తినిపించి పోయింది. కృపారాణి ఒక్క రింగూ మిగల్చకుండా మార్చి, గ్యాస్ మళ్లీ ఎక్కించింది. ఈసారి నురుగులో బుడగ లేవలేదు.

సోమవారం పొద్దున్నే పాలు పోసి, మిషన్ వేశారు. ఇదే ఆఖరి రాక అనుకుంటూ వచ్చిన ట్యాంకరు డ్రైవరు లింగయ్య థర్మామీటరు ముంచాడు. తీసి చూశాడు. నమ్మకం కుదరక, తుడిచి మళ్లీ ముంచాడు. మూడు పాయింట్ ఎనిమిది!

"ఏందన్నా, ఎంతుంది?" అని అరిచాడు ఆరు బర్రెల గురుస్వామి.

"పైపు తెండి," అన్నాడు లింగయ్య.

కేంద్రమంతా ఈలలు. కృపారాణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గురుస్వామి ఫోన్ తీసి, తన బర్రెలను కొనడానికి అప్పటికే బయల్దేరిన బేరగాడికి కలిపాడు.

"ఎనక్కి తిరుగు నాయనా. మా బర్రెలు అమ్మేది లేదు."